మోటారు యంత్రమున తెగిన మర



34 సంవత్సరములు పాఠశాలలో సంధులును సమాసములును చెప్పి విశ్రాంతి గైకొనిన తెలుగు పండితుడు కారు ఇంజనును గుఱించి ప్రసంగించుటయేమని మీలో ననేకులకు తోచవచ్చును. నాకును తోచినది. నేను వ్యాకరణము చదివినవాడనే గాని యంత్రశాస్త్రము చదివినవాడను గాను. అయినను ఒక మరను నా చేతులతో నేనే తెంపితిని. దానిని మరల నిలువబెట్టుట కన్నులార చూచితిని. ఈ రెంటికిని నడుమ ఒక నిరపరాధిని పదిమందిలో నిందించితిని. ఇన్ని జరిగినవాడు ఆ విషయమున కొంత చెప్పదగినవాడే యని యెంచి మీ ముందునకు వచ్చితిని.

కారు లేనివారు ఇది మనకేల యని లేచిపోనక్కఱలేదు. మీ చావడిలో ట్రాక్టరున్నది. చేనిగట్టున డీసెలు పంపున్నది. మనుమనికి మోటారుసైకిలున్నది. వీనియన్నిటిలోను బోల్టులున్నవి. బోల్టునకు పట్టు ఇచ్చునది మర. మెకానిక్కులు దీనిని త్రెడ్డు అందురు. అది తెగి, పానాతో ఎంత త్రిప్పినను బోల్టు బిగియక ఊరక తిరుగుచుండినచో “స్లిప్పయింది” అందురు. ఏ యంత్రమునకు వచ్చినను ఈ రోగమొక్కటే.

మా యింటనున్నది ప్రీమియర్ పద్మిని. మా యన్నగారు 1984లో కొనిరి. ఇటలీ దేశపు ఫియట్ వారి 1100 అను కారును ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు బొంబాయిలోని కుర్లాలో తయారుచేయుచుండిరి. ఆ కారే 1970ల దశకమున పద్మిని యను పేరు దాల్చినది. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో దాని నిర్మాణము నిలిచిపోయినది. ముంబయిలో నలుపు పసుపు రంగుల టాక్సీలుగా తిరిగిన కడపటి పద్మినులు కూడ 2023 అక్టోబరుతో వీథులు విడిచినవి. నాయికాజాతులు చదువుకొన్నవారికి పద్మిని యనగనే వేఱు తలంపులు కలుగును గాని, మా కారు నడకలోగాని పలుకులోగాని ఆ లక్షణములేవియు కానరావు. అన్నగారు గతించిన పిమ్మట అది మా వదినెగారి సొత్తు. నేను సారథిని మాత్రమే.

దాని యింజనునకు నాలుగు సిలిండర్లు, 1089 ఘన సెంటీమీటర్ల పరిమాణము. క్రింది దిమ్మ పోత ఇనుము. పైన మూతవలె నుండు హెడ్డు మాత్రము అల్యూమినియము. అల్యూమినియము తేలిక, వేడిని త్వరగా ప్రాకనిచ్చును. అందుచే యంత్రము చేయువారికి ఇష్టము. కాని మెత్తనిది. ఉక్కుతో చేసిన ప్లగ్గు ఆ మెత్తని లోహములో మరచుట్లతో దిగి కూర్చుండవలెను. ఉక్కునకు అల్యూమినియమునకు ఒరపిడి వచ్చినపుడు ఓడునది యేదో వేఱుగ చెప్పనేల?

మర యననేమో ఒక్క నిమిషము చెప్పి కథకు పోయెదను. ఒక కాగితమును త్రికోణముగ కత్తిరించి పెన్సిలునకు చుట్టి చూడుడు. దాని వాలు అంచు పెన్సిలుచుట్టు మెలికలుగా పైకెక్కును. తిరుమల కొండకు మలుపులు తిరుగుచు ఎక్కు దారి యెట్టిదో మర యట్టిది. నిట్టనిలువుగా ఎక్కలేని బరువును చుట్టి చుట్టి యెక్కించుట యందలి కిటుకు. మా కారు ప్లగ్గు 14 మిల్లీమీటర్ల లావు. ఒక్క చుట్టు త్రిప్పిన 1.25 మిల్లీమీటరు లోపలికి దిగును. తల ఆనిన తరువాత ఇంకను త్రిప్పినచో అది దిగదు, సాగును. బిగించిన బోల్టు లాగి కట్టిన త్రాడువంటిది. కనబడనంత సాగి, మరల కుంచింపజూచుచు, ఆ లాగుడుచేతనే రెండు వస్తువులను కలిపి పట్టుకొనును. ఈ లాగుడంతయు మరచుట్లే మోయవలెను. అన్ని చుట్లును సమముగ మోయునని నేననుకొంటిని. అట్లు కాదట. మొదటి చుట్టే మొత్తము బరువులో మూడవవంతునకు దాపుగ మోయును, తరువాతిది అంతకంటె తక్కువ, చివరివి పేరునకే. కావున మొదటి చుట్టు తెగినచో దాని భారము రెండవదానిమీద పడును, అదియు తెగును. ఉమ్మడి కుటుంబమున పెద్దకొడుకు కూలినప్పుడు జరుగునదియు నిదియే గదా.

ఇంకొక మాట. మరలన్నియు ఒక్క తీరువి కావు. పూర్వము ఏ కర్మశాల మర ఆ కర్మశాలదే. ఒక కొలిమిలో చేసిన నట్టు మఱియొక కొలిమి బోల్టున కెక్కెడిది కాదు. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అను నాతడు 1841లో ఈ గందరగోళమునకు సూత్రములు కట్టెను. చుట్టునకు చుట్టునకు నడుమ కోణము 55 డిగ్రీలనియు, ఇంత లావు బోల్టునకు అంగుళమునకు ఇన్ని చుట్లనియు నియమించెను. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీల కోణమును ప్రతిపాదించెను. పాణినికి తోడు మఱియొక వైయాకరణుడు బయలుదేరినట్లయ్యెను. రెండవ ప్రపంచయుద్ధములో ఒకరి యంత్రములకు మఱియొకరి బోల్టులు పట్టక చిక్కులుపడి, తుదకు 1948 నవంబరులో అమెరికా, బ్రిటన్, కెనడాలు 60 డిగ్రీలకే ఒడంబడినవి. ఐరోపా ఖండమువారిది మిల్లీమీటర్ల లెక్క.

ఈ చరిత్ర మీకెందుకనగా, అంగుళపు లెక్కలో 16 భాగములలో 5 భాగముల బోల్టు ఒకటి కలదు. దాని లావు 7.94 మిల్లీమీటర్లు. 8 మిల్లీమీటర్ల బోల్టు ప్రక్కన పెట్టినచో నా కన్నులకు మాత్రమే కాదు, మీ కన్నులకును భేదము తెలియదు. కాని 8 మిల్లీమీటర్ల సాధారణపు బోల్టునకు చుట్టునకు చుట్టునకు దూరము 1.25 మిల్లీమీటరు. ఆ అంగుళపు బోల్టు ముదుక మరదైన 1.41, సన్న మరదైన 1.06. ఒకదాని రంధ్రములో మఱియొకటి రెండు చుట్లు సుఖముగా దిగును. పిమ్మట పట్టును. “త్రుప్పుపట్టినది కాబోలు, కొంచెము బలము చేసిన దిగును” అని మనము బలము చేయుదుము. దిగును, సందేహము లేదు. లోపలి మరను కోసికొనుచు దిగును. పాత బోల్టుల డబ్బాలో చేయిపెట్టి దొరికినదానిని బిగించు అలవాటు గలవారు దీనిని గుర్తుంచుకొనగోరెదను.

ఇక కథ. 2022వ సంవత్సరము వేసవి. మా వదినెగారికి కంటిపరీక్ష కని తెనాలికి బయలుదేరితిమి. కాలువగట్టుమీద పోవుచుండగా ముందుమూత క్రింద తుపాకి పేలినట్లు చప్పుడయ్యెను. వెంటనే కొలిమితిత్తి యూదినట్లు బుస్సు బుస్సు మను మ్రోత, పెట్రోలు వాసన. వదినెగారు రామనామము చేయుచు తలుపు తీసికొని కాలువగట్టున నిలిచిరి. నేను తాళము త్రిప్పి యింజనాపి మూత తెఱచి చూచితిని. మూడవ సిలిండరు ప్లగ్గు దాని చోటున లేదు. బయటి కెగిరివచ్చి, తన తీగను పట్టుకొని వ్రేలాడుచుండెను. ఇంజనాపకుండ నింకను నడిపియున్నచో ఆ రంధ్రము నుండి వెలువడు పెట్రోలు ఆవిరికి ఏ నిప్పురవ్వయో తగిలి కారంతయు మండెడిదే యని తరువాత తెలిసినది. అప్పుడు నాకు తెలిసినది ఎండయొక్కటే.

వదినెగారు ఆటోలో ఇంటికి మరలిరి. కంటిపరీక్ష తప్పిపోయెను. కారును ట్రాక్టరునకు త్రాటితో కట్టి యీడ్చుకొనివచ్చితిమి. ఊరి మొదట టీకొట్టువద్ద ట్రాక్టరాగెను. పదిమంది మూగిరి. ఏమయినదని యడిగిరి. అంతకు రెండు నెలల క్రిందట కారు ప్లగ్గులు మార్చినవాడు నా పాతశిష్యుడొకడు. మా యూరికి నాలుగు మైళ్ల దూరమున చిన్న మరమ్మతు కొట్టు పెట్టుకొని యున్నాడు. నేను వాని పేరు చెప్పి, “తరగతిలో సంధి కలుపలేనివాడు ఇంజనులో మర కలుపునా!” యని యంటిని. అందఱును నవ్విరి. మాట చక్కగ కుదిరినదని నేనును సంతోషించితిని. ఎండలో వచ్చినవాడను, కోపముగ నున్నవాడను, ఇవి సాకులు. మాట మాత్రము నాకంటె ముందుగనే వాని కొట్టునకు చేరినది.

మఱునాడు ప్రొద్దుననే, పిలువకయే, అతడు మోటారుసైకిలు మీద వచ్చెను. నాకు నమస్కరించి తిన్నగ కారు వద్దకు పోయెను. ప్లగ్గు చేతబట్టి వెలుతురున త్రిప్పి త్రిప్పి చూచెను. దాని మరచుట్ల నడుమ అల్యూమినియము సన్నని తీగవలె చుట్టుకొని యుండెను. హెడ్డులోని మర హెడ్డులో లేదు, ప్లగ్గుతోపాటు పెకలివచ్చినది. అతడు నన్ను దగ్గఱకు పిలిచి చూపెను. ప్లగ్గునకు ఒకవైపున ఆ తీగ లావుగను, ఎదుటివైపున సన్నగను ఉండెను.

“మాస్టారూ, ఇది తిన్నగా ఎక్కలేదండి. ఏటవాలుగా ఎక్కి, కొత్త దారి కోసుకుంటూ పోయింది. నేను మార్చిన తరవాత దీన్ని ఎవరైనా విప్పారా అండీ?”

నేను మాటాడలేదు. జ్ఞాపకము లేదని యిప్పుడు మీతో చెప్పవచ్చును గాని, జ్ఞాపకమున్నది. అరుగుమీద బియ్యమేరుచున్న మా వదినెగారు తలయెత్తి, “నువ్వే గదయ్యా! ఉగాది మర్నాడు గుడి నుంచి రాగానే గొట్టం పట్టుకుని కారు మీద పడ్డావు. కాఫీ చల్లారిపోతోందంటే విన్నావా?” అనిరి.

జరిగినది చెప్పెదను. కారు పెట్రోలు ఎక్కువ త్రాగుచున్నదని నాకు తోచి, ప్లగ్గులు విప్పి మసి తుడిచితిని. తుడుచుట తప్పు కాదు. గుడినుండి వచ్చిన వెంటనే, ఇంజను చేయిపెట్టరాని వేడిమీద నున్నప్పుడు విప్పితిని. ఇది మొదటి తప్పు. అల్యూమినియము వేడెక్కినప్పుడు మఱింత మెత్తబడును, ప్లగ్గు చుట్లకు అంటుకొని తానును ఊడివచ్చును. అదియుగాక ఒకే వేడిమికి అల్యూమినియము ఉక్కుకంటె దాదాపు రెండింతలు వ్యాకోచించును. వేడి రంధ్రములో చల్లని ప్లగ్గును బిగించితిమా, చల్లాఱినపుడు రంధ్రము కుంచించి దానిని పిడికిలి బిగించినట్లు పట్టుకొనును. రెండవ తప్పు, మరలబెట్టునప్పుడు వ్రేళ్లతో త్రిప్పక మొదటినుండియు పానాతోనే త్రిప్పుట. వ్రేళ్లకు తెలివి యున్నది. మర వంకరగా పట్టినచో ముందుకు పోనీయవు. పానాకు ఆ తెలివి లేదు. మూడవ సిలిండరువద్ద రెండు చుట్లకే బిగువు తగిలినది. పాత కారు గదా యని పానా పిడికి ముప్పాతిక మీటరు పొడవు గల ఇనుపగొట్టము తొడిగితిని. ఇది మూడవ తప్పు, తక్కిన రెంటిని మించినది.

లెక్క వినుడు. అల్యూమినియపు హెడ్డులో ఈ 14 మిల్లీమీటర్ల ప్లగ్గునకు కావలసిన బిగింపు సుమారు రెండున్నర కిలోగ్రాము మీటర్లు. అనగా పాతిక సెంటీమీటర్ల పిడిని పది కిలోల బలముతో త్రిప్పిన చాలును. అదే పది కిలోల బలము నా ముప్పాతిక మీటరు గొట్టమునకు చివర పెట్టినపుడు ఏడున్నర అగును. నా చేయి అలసిపోలేదు, చెమటపట్టలేదు, మూడింతలు బిగించితినని నాకు తెలియనైనను తెలియదు. కొంత దూరము బిగువుగా తిరిగి, పిమ్మట ఒక్కసారిగ వదులైనట్లు తోచినది. చక్కగ కూర్చుండినదనుకొంటిని. కూర్చుండలేదు, అప్పుడే తెగినది. మిగిలిన అరకొర చుట్లు నెలరోజులు ప్లగ్గును పట్టి యుంచి, కాలువగట్టుమీద చేయివిడిచినవి.

ఇదంతయు ఆ నిమిషముననే అతనితో చెప్పితినా యనగా, లేదు. “అవును, నేనే విప్పితిని” అని మాత్రమంటిని. అతడును టీకొట్టు మాట యెత్తలేదు. “హెడ్డు దింపాలండి” అనెను.

మా పిల్లలు ఫోనులో కారును తునకలక్రింద అమ్మివేయుమనిరి. విజయవాడ ఆటోనగరులో పాత హెడ్డు వెదకవచ్చునని యొకరు, తెగినచోట ఆర్గాను వెల్డింగుతో లోహము నింపి మరల తొలిపింపుమని యొకరు చెప్పిరి. అతడు వెల్డింగునకు ఒప్పుకొనలేదు. ఆ వేడికి హెడ్డు వంగవచ్చును, వంగినచో క్రింది దిమ్మతో సరిగ అతుకదు, అప్పుడు దానిని చదును చేయింపవలెను, ఒక రోగమునకు మందుపోసి రెండు రోగములు తెచ్చుకొన్నట్లగును. పాత హెడ్డు కొనినను దానిలోని మరలెంత అఱిగియున్నవో ఎవరెఱుగుదురు? అంటుజిగురుల మాట యెవరో యెత్తగా అతడు నవ్వి యూరకుండెను. పెట్రోలు మండు గది పైకప్పునకు లక్క పూయుదుమా?

అతడు చేసినది వేఱు. తెగిన రంధ్రమును పెద్దదిగా తొలిచి, దానిలో లోపల వెలుపల మరలుగల యొక ఉక్కుగొట్టమును బిగించి, ఆ గొట్టములో ప్లగ్గును పెట్టుట. దీనిని వారు బుష్షు అందురు. తెనాలిలోని లేతు పనివాడొకడు దీనిని తయారుచేసి యిచ్చెను. వెలుపల 18 మిల్లీమీటర్ల లావు, చుట్టునకు 1.5 మిల్లీమీటరు. లోపల యథాప్రకారము 14, చుట్టునకు 1.25. లెక్కవేసి చూచిన ఈ రెండు మరల లోతులును పోగా నడుమ మిగులు గోడ ఒక్క మిల్లీమీటరు మాత్రమే. ఇత్తడితో చేసిన చాలదా యని నేనడిగితిని. ఇంత పలుచని గోడ ఇత్తడికి అప్పగింపలేనని అతడనెను.

హెడ్డు దించుట కొక దినము పట్టెను. ఇంజను పూర్తిగ చల్లారినపిమ్మటనే నట్లు విప్పవలెను. విప్పునప్పుడు చివరలనుండి నడుమకు, బిగించునప్పుడు నడుమనుండి చివరలకు, ఒక్కొక్కదానిని కొంచెము కొంచెముగా, రెండు మూడు విడతలలో. ఒకదానినే ముందుగ పూర్తిగ వదలినచో హెడ్డు వంగును. కవాటములను త్రోయు కడ్డీలను వరుస తప్పకుండ అట్టపెట్టెకు తూట్లుచేసి అందులో గ్రుచ్చి నాకిచ్చెను. నేను వానికి 1, 2, 3 అని సంఖ్యలు వ్రాసితిని. చేతిలో పని పెట్టి పిల్లవానిని కూర్చుండబెట్టినట్లు నన్ను కూర్చుండబెట్టెనని తరువాత తెలిసినది.

తొలుచుటలో ముఖ్యమైనది రంధ్రము వంకరపోకుండుట. దీనికి అతడు చేసిన యుపాయము నాకెంతయో నచ్చినది. నాలుగు ప్లగ్గు రంధ్రములును ఒకే వాలులో నుండును గదా. చెడని రెండవ రంధ్రములో తిన్నని కడ్డీ నొకదానిని మరతో బిగించి, డ్రిల్లు యంత్రపు ములుకు ఆ కడ్డీకి సమాంతరముగ నిలుచువఱకు హెడ్డును క్రింద చెక్కముక్కలతో సరిచేసి బిగించెను. చెడినదానికి ప్రక్కనున్న మంచిదే కొలత. పిదప 16.5 మిల్లీమీటర్ల డ్రిల్లుతో తొలిచి, 18 మిల్లీమీటర్ల ట్యాపుతో క్రొత్త మర కోసెను. ట్యాపనగా మర కోయు ఉలి. కోయునంతసేపు కిరసనాయిలు చుక్కలు చుక్కలుగా వేయుచుండెను. అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనుకకు. వెనుకకు త్రిప్పినపుడే రజను విఱిగి రాలును. విఱుగనీయక త్రిప్పుచు పోయినచో ట్యాపు లోపల చిక్కుకొని విఱుగును. విఱిగిన ట్యాపును తీయుట తెగిన మరను బాగుచేయుటకంటె పదింతలు కష్టము.

బుష్షుపై అంచున చిన్న చుట్టంచు గలదు. ఆ యంచు మందమెంతయో అంత లోతునకు ప్లగ్గు ఆను చోటునుగూడ అతడు గీకెను. లేనిచో ప్లగ్గు తన పూర్వస్థానముకంటె పైన నిలుచును, మంట సరిగ అందదు. క్రిందిచివర హెడ్డు లోపలిగోడతో సమముగ నుండునట్లు ఆకురాయితో రాచెను. ఏల యింత పట్టుదలయని యడిగితిని. అక్కడ మరచుట్టు ముక్క పొడుచుకొని యున్నచో అది ఎఱ్ఱగా కాగి నిప్పుకణికవలె నుండి, ప్లగ్గు వెలుగకముందే పెట్రోలును అంటించునట. వేడికి నిలుచు మందు నొకదానిని వెలుపలి మరకు పూసి, బుష్షు దింపి, ఒక రాత్రి కదల్పక విడిచెను. ఇందులో త్వరపడునది యేదియు లేదు. నా యుగాది మఱునాటి మరమ్మతు అరగంటలో ముగిసెను. దీనికి నాలుగు దినములు పట్టెను.

హెడ్డు ఎక్కించి క్రొత్త గ్యాస్కెట్టు వేసి, ప్లగ్గు నా చేతికిచ్చి, “మీరే పెట్టండి మాస్టారూ” అనెను. వ్రేళ్లతో వెనుకకు త్రిప్పితిని. మర మొదలు కలిసినచోట చిన్న టక్కుమను తాకుడు తెలిసెను. అప్పుడు ముందుకు త్రిప్పితిని. కడవఱకు వ్రేళ్లతోనే దిగినది. క్రొత్త ప్లగ్గు, క్రొత్త రింగు గనుక అక్కడినుండి పానాతో అరచుట్టు మొదలు మూడింట రెండువంతుల చుట్టువఱకు చాలును. రింగు ఒకసారి నలిగిన పాత ప్లగ్గునకైనచో అందులో నాలుగవవంతుకూడ అక్కఱలేదు. ఇంజను నడిపించి ప్లగ్గుచుట్టు సబ్బునీరు చల్లి చూచితిమి. బుడగ రాలేదు.

పిల్ల బోల్టులకు ఇంత పని యుండదు. ట్రాక్టరునకును మోటారుసైకిలునకును తఱచుగా తెగునవి 6, 8 మిల్లీమీటర్ల బోల్టుల మరలు. ముందుగ రంధ్రపు లోతును పుల్లతో కొలిచి చూడుడు. అనేకచోట్ల రంధ్రము లోతుగ నుండి బోల్టు పొట్టిగ నుండును. పైచుట్లే తెగి అడుగుచుట్లు చెక్కుచెదరక యున్నచో, కొంచెము పొడవైన బోల్టు వేసిన సరిపోవును. ఖర్చు పది రూపాయలు. ఉక్కులో బోల్టు తన లావంత లోతు పట్టిన చాలును గాని, అల్యూమినియములో ఒకటిన్నర మొదలు రెండింతల లోతు పట్టవలెను. ఆ లోతు దొరకనిచో తీగచుట్టు వేయింపవలెను. హెలికాయిల్ అని అడిగిన పనివారికి తెలియును. తుప్పుపట్టని ఉక్కుతీగను మరవలె చుట్టియుందురు. దాని అడ్డుకోత నలుపలకలుగ నుండి, వెలుపలి అంచు హెడ్డునకును, లోపలి అంచు బోల్టునకును మరయై యుపయోగించును. 8 మిల్లీమీటర్ల బోల్టునకు రంధ్రమును 8.3 లేక 8.4 వఱకు పెంచి, ఆ పెట్టెతో వచ్చిన ట్యాపుతోనే కోయవలెను. అంగడిలోని మామూలు ట్యాపు దీనికి పనికిరాదు. తీగచుట్టు రంధ్రముకంటె కొంచెము పెద్దదిగ నుండుటచే నొక్కి దింపగా విడిచినప్పుడు వెలుపలికి విచ్చుకొని తనంతట తానే పట్టుకొనును. పైయంచుకంటె పావు మొదలు అరచుట్టు లోతున నిలుపవలెను. అడుగున త్రిప్పుటకై యున్న చిన్న కొక్కెమును మేకుతో తట్టి విఱిచి, ఆ ముక్కను మఱవక పైకి తీయవలెను. అది యింజనులో పడినచో మీ మరమ్మతు మఱియొకరికి మరమ్మతగును. ఇట్లు చేసిన మర, మెత్తని అల్యూమినియములోని తొలి మరకంటె గట్టిదని పనివారందఱును చెప్పుదురు. చేయించి చూచిన మీదట నేనును ఒప్పుకొంటిని.

అడుగు మూసియున్న రంధ్రములో నూనెయో నీరో నిలిచియుండగా బోల్టు బిగింపకుడు. ద్రవము నలగదు. దానికి పోవుదారి లేక లోహమే పగులును. గుడ్డపుల్లతో తుడిచి, గాలి యూది, ఆపైన బిగింపుడు.

పని ముగిసిన సాయంకాలము అతడు లెక్క కాగితము వ్రాసి యిచ్చెను. లేతు కూలి, గ్యాస్కెట్టు, ప్లగ్గు, నాలుగు దినముల తన కూలి. ఒక్క రూపాయి తగ్గింపలేదు. అట్లు తగ్గింపకుండుటయే నాకు ఊరట కలిగించినది. తగ్గించియున్నచో నా ముఖమెక్కడ పెట్టుకొందును? డబ్బిచ్చి, “నడువుము, టీ త్రాగుదము” అని కారులో కూర్చుండబెట్టుకొని టీకొట్టునకు పోయితిని. ఆనాడు నవ్వినవారిలో అయిదాఱుగురు అక్కడనే యుండిరి. మర తెంపినవాడను నేనని, గొట్టము తొడిగినవాడను నేనని, ఇతని చేత తప్పేమియు లేదని చెప్పితిని. ఈసారి యెవరును నవ్వలేదు. నాకు నోరెండినది. అతడు టీగ్లాసు వంక చూచుచు, “పోనీండి మాస్టారూ, సంధులు నాకు నిజంగానే రావుగదండీ” అనెను. అప్పుడు నవ్విరి. నేనును నవ్వితిని గాని, 34 సంవత్సరములలో ఆ బాలునకు సవర్ణదీర్ఘము వ్రేళ్లతో పట్టి నేర్పితినో, గొట్టము తొడిగి నేర్పితినో యని ఆ రాత్రి చాలసేపు నిద్ర పట్టలేదు.

వదినెగారి కంటిపరీక్ష తరువాతి వారమున అదే కారులో జరిగినది. కాలువగట్టు వచ్చినపుడు ఆమె మాటాడుట మాని ముందుమూత వంకనే చూచుచుండిరి. ఆ మూడవ సిలిండరు ప్లగ్గును అటుపిమ్మట రెండుమాఱులు విప్పి చూచితిని, చల్లారిన యింజనుమీద. బుష్షు కదలలేదు. ఇనుపగొట్టమిప్పుడు మా పెరటిలో దొండపాదునకు నిట్రాటగా నున్నది. వదినెగారే పాతించిరి.

సెలవు.